కాశీ నుంచి మగహర్ దాకా

మొదటి రోజు: కాశీ

"కాశీకి పోయినా కాటికి పోయినా ఒకటే" అనేవారు పెద్దలు. ఆ కాలంలో కాశీకి బయలుదేరిన మనిషి తిరిగి వస్తాడన్న ఆశ ఉండేది కాదు. మా మేనత్త ఆ సామెతను మరో అర్థంలో పట్టుకున్నారు. డెబ్బై రెండేళ్ళ వయసులో, కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని ఒక్కరే బయలుదేరి వచ్చారు. తల్లి కడుపులో గడిపిన తొమ్మిది నెలలకు లెక్కగా ఇక్కడ తొమ్మిది రాత్రులు నిద్రిస్తే మళ్ళీ గర్భవాసం ఉండదని మన తెలుగువాళ్ళ నమ్మకం. నేను రైలు దిగేసరికి ఆరు నిద్రలు అయ్యాయి. మిగిలిన మూడూ పూర్తయ్యాక నేను చూడాలనుకున్న రెండు ఊళ్ళు, భక్తకవి కబీరు పోయిన మగహర్, బుద్ధుడు పోయిన కుశీనగర్ చూసి, ఇద్దరం కలిసి ఇంటికి వెళ్ళాలన్నది మా ఒప్పందం.

నా సంగతి కూడా ముందే చెప్పాలి. నాకు దేవుడున్నాడు. ఆయనకు నేను పెట్టుకున్న పేరు లేదు. ఇరవై ఏళ్ళుగా గుడికి వెళ్ళడం మానేశాను, ప్రార్థన మానలేదు. ఇది ఎవరికైనా చెబితే సగం మంది నన్ను నాస్తికుడంటారు, తక్కిన సగం పిరికి ఆస్తికుడంటారు. అత్తయ్య ఏమీ అనరు. "నీ దారి నీది నాయనా, కానీ నాతో విశ్వనాథుడి దగ్గరికి రా" అన్నారు. వెళ్ళాను.

రెండు గంటలు వరుసలో నిలబడితే గర్భగుడి దగ్గర దొరికింది రెండు క్షణాలు. ఇప్పుడున్న ఆలయం 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. శిఖరాలకు బంగారం ఇచ్చినది పంజాబును ఏలిన సిక్కు మహారాజు రంజీత్ సింగ్. విగ్రహారాధనను ఒప్పుకోని గురువుల బాటలో పెరిగిన రాజు శివుడి గుడికి బంగారం పంపాడు. మతాల మధ్య గీతలు పుస్తకాల్లో ఉన్నంత గట్టిగా మనుషుల గుండెల్లో ఉండవేమో అనుకుంటూ లోపలికి నడిచాను. నాకు కనిపించింది వెండి చట్రం, మారేడు దళాలు, వెనక నుంచి నెట్టే చేతులు. అత్తయ్యకు ఏం కనిపించిందో నాకు తెలియదు. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. బయటికి వచ్చాక చూసుకుంటే నాలుగు వేళ్ళ గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. అంత గట్టిగా పట్టుకున్నట్టు ఆవిడకే తెలియదు.

సాయంత్రం ఘాటు మెట్ల మీద కూర్చున్నప్పుడు మామయ్య ప్రస్తావన వచ్చింది. భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారు ఆయన. పూజ చేయగా ఎవరూ చూడలేదు. తెల్లవారుజామున వసారాలో కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని, అరగంట కదలకుండా ఉండేవారు. నాలుగేళ్ళ కిందట ఒక ఆసుపత్రి మంచం మీద పోయారు. కర్మ చేయించడానికి వచ్చిన పెద్దమనిషి ఆయన నిత్యకర్మల గురించి ఒక్కొక్కటే అడిగి, లేదు లేదు అన్న జవాబులు విని, "ఇలాంటివారి గతి ఏమవుతుందో చెప్పలేం" అన్నాడు. పదిమందీ విన్నారు. ఆ మాట అత్తయ్య మనసులో ముల్లులా దిగిపోయింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయనకు ఎదురు చెప్పలేకపోయిన బాధ నాకింకా తగ్గలేదు.

"ఇక్కడ పోయినవాళ్ళ చెవిలో శివుడు తారకమంత్రం చెబుతాడంటారు కదా" అన్నారు అత్తయ్య, చితులు కాలే మణికర్ణిక ఘాటు వైపు చూస్తూ. "ఇక్కడ పోనివాళ్ళ చెవిలో ఎవరు చెబుతారు?"

నా దగ్గర జవాబు లేదు. మగహర్ చూడాలన్న కోరిక నాలో ఎందుకు పుట్టిందో మాత్రం ఆవిడకు అప్పుడే చెప్పాను.

రెండో రోజు: పంచగంగ ఘాటు, కబీర్ చౌరా

వెలుగు రాకముందే పంచగంగ ఘాటుకు వెళ్ళాం. మెట్లు ఎత్తుగా, నిటారుగా ఉన్నాయి. అత్తయ్యను కింది దాకా దించలేదు. సగంలో కూర్చోబెట్టి కథ చెప్పాను.

కబీరు నేతపనివాళ్ళ ఇంట పెరిగాడు. నీరూ, నీమా అనే ముస్లిం దంపతులకు లహర్‌తారా చెరువులో దొరికిన బిడ్డ అని కథ. వైష్ణవ గురువు రామానందుల దగ్గర ఉపదేశం పొందాలని అతనికి ఆశ. నేతగాడికి ఎవరిస్తారు? అందుకని ఇంకా చీకటి ఉండగానే ఈ మెట్ల మీద అడ్డంగా పడుకున్నాడట. స్నానానికి దిగుతున్న రామానందుల పాదం అతనికి తగిలింది. ఆయన ఉలిక్కిపడి "రామ రామ" అన్నారు. అదే తన మంత్రం అనుకుని కబీరు లేచి వెళ్ళిపోయాడు. ఇది జరిగిందో లేదో చరిత్రకారులు తేల్చలేదు. జరగకపోయినా, ఈ కథను ఇన్ని వందల ఏళ్ళు చెప్పుకున్న జనం మనసు మనకు తెలుస్తూనే ఉంది. గురువు ఇవ్వలేదు, శిష్యుడు తీసుకున్నాడు. అర్హత ఉందా అని అడిగే అవకాశమే ఎవరికీ ఇవ్వలేదు.

ఇంకో సంగతి. అతను తీసుకున్న ఆ రాముడు దశరథుడి కొడుకు కాదని అతనే చెప్పుకున్నాడు. పుట్టని, చావని, ఆకారం లేని ఒకదానికి అతను పెట్టుకున్న పేరు రాముడు. కాశీలో శివుడు చెవిలో చెబుతాడనే తారకం కూడా రామనామమేనని పెద్దలంటారు. అత్తయ్య రాముడికి విల్లు ఉంది, సీత ఉంది, భద్రాచలం ఉంది. కబీరు రాముడికి ఏదీ లేదు. రెండు అక్షరాలు మాత్రం అవే. వేమనను వల్లె వేసుకుంటూ పెరిగిన మనకు ఈ మనిషి పరాయివాడని నాకెప్పుడూ అనిపించలేదు.

పొద్దెక్కాక ఇరుకు సందుల్లోంచి కబీర్ చౌరా మఠానికి చేరాం. అతను బతికిన చోటు అంటారు. మఠంలో "సాహెబ్ బందగీ" అని పలకరించారు. కబీరుపంథీలు ఒకరినొకరు పలకరించుకునే మాట అది. అంతా శుభ్రంగా, చల్లగా ఉంది. మహంతు ఉన్నారు, పీఠం ఉంది, ప్రమాణ గ్రంథంగా బీజక్ ఉంది. పంథ్‌లో శాఖలున్నాయి. కాశీది ఒకటి, ఛత్తీస్‌గఢ్‌లోని ధర్మదాసు పరంపరది మరొకటి. అక్కడ చౌకా ఆరతి అనే క్రతువు కూడా ఉంది, కొబ్బరికాయ కొట్టి చేస్తారు.

ఇవన్నీ తెలిసి వచ్చినా, గుమ్మంలో నిలబడినప్పుడు మనసు చివుక్కుమంది. పురోహితుణ్ణీ ముల్లానూ ఒకే నోటితో నిలదీసిన మనిషికి పీఠం, క్రతువు, వారసత్వం! రాయికి మొక్కితే హరి దొరికేటట్టయితే నేను కొండకే మొక్కుతానన్నవాడి పేరున ఇంత కట్టడమా అని బాధ కలిగింది.

ఆ బాధ ఎక్కువసేపు నిలవలేదు. వరండాలో ఒక ముసలాయన మరో నలుగురితో కలిసి, పుస్తకం చూడకుండా, పదం తరవాత పదం పాడుతున్నాడు. చేతిలో చిన్న తాళాలు. ఆయన గొంతులో నుంచి కబీరు నా చెవిన పడ్డాడు. కబీరు తన చేత్తో కాగితం ముట్టలేదని సంప్రదాయం. అతని మాటలు మిగిలింది ఇలాంటి గొంతుల వల్లే. ఇటువంటి మఠాలు, సిక్కు గురువులు వాటిని దాచి ఉంచారు. 1604లో గురు అర్జన్ దేవ్ కూర్పించిన ఆది గ్రంథంలో కబీరు పదాలు వందలుగా ఉన్నాయి. ఏ వ్యవస్థ అక్కరలేదని నేను ఇరవై ఏళ్ళుగా అంటున్నానో, ఆ వ్యవస్థ మోసుకురాకపోతే, వ్యవస్థ అక్కరలేదన్న ఆ మాట కూడా నా దాకా వచ్చేది కాదు. ఇది ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది. అయినా నిజం.

మూడో రోజు: సారనాథ్

కాశీకి పది కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్ళి రాత్రికి వచ్చేయాలి. తొమ్మిదో నిద్ర తప్పకూడదని అత్తయ్య మూడుసార్లు గుర్తుచేశారు.

ధమేక్ స్తూపం చుట్టూ ఎవరి తీరున వారు తిరుగుతున్నారు. అడుగున 28 మీటర్ల వ్యాసం ఉన్న ఆ ఇటుకల గుట్టకు ద్వారం లేదు, గర్భగుడి లేదు. "లోపలికి ఎటువైపు నుంచి వెళ్ళాలి?" అని అత్తయ్య చుట్టూ చూశారు. లోపలికి వెళ్ళడానికేమీ లేదు, చుట్టూ తిరగడమే అన్నాను. పక్కనే జైన మందిరం ఉంది. పదకొండో తీర్థంకరుడు శ్రేయాంసనాథుడు ఈ ప్రాంతంలోనే పుట్టాడని జైనులు నమ్ముతారు. సృష్టికర్త అనే దేవుణ్ణి వాళ్ళు ఒప్పుకోరని చెబితే అత్తయ్య ఆగిపోయారు.

"సృష్టించినవాడు లేకపోతే మొక్కేది ఎవరికి?"

"తనను తాను గెలిచినవాడికి."

ఆవిడ కాసేపు ఆలోచించి లోపలికి వెళ్ళి మొక్కి వచ్చారు. ఎలా మొక్కారని అడగలేదు.

బుద్ధుడు తన మొదటి ఉపదేశం ఇక్కడే అయిదుగురికి చేశాడు. లోకం శాశ్వతమా, దేహమూ జీవమూ ఒకటేనా, విముక్తుడు చనిపోయాక ఉంటాడా అని మాలుంక్యపుత్తుడనే భిక్షువు పట్టుపట్టినప్పుడు ఆయన చెప్పిన పోలిక ప్రసిద్ధమే. విషపు బాణం దిగినవాడు, కొట్టినవాడి కులమేమిటో, విల్లు ఏ చెక్కతో చేశారో చెబితేగాని బాణం తీయనివ్వనంటే ఆ సంగతులు తెలియకుండానే చచ్చిపోతాడు. చెట్టు నీడన కూర్చుని ఈ కథ చెబుతుంటే అత్తయ్య మధ్యలో అందుకున్నారు. "మీ మామయ్య కూడా ఇలాగే. దేవుడున్నాడా అని ఎన్నిసార్లు అడిగినా ఉన్నాడనీ లేడనీ అనేవారు కాదు. ముందు ఎదురింటి పిల్లాడికి ఫీజు కట్టాలి, అది చూద్దాం అనేవారు."

శిథిలాల్లో ఒకచోట అద్దాల మధ్య విరిగిన అశోక స్తంభం మొదలు ఉంది. అందరూ దానిముందు నిలబడి, మ్యూజియంలోని నాలుగు సింహాలను తలుచుకుని ముందుకు సాగిపోతారు. నేను చాలాసేపు ఉండిపోయాను. ఆ రాతి మీద బ్రాహ్మీ అక్షరాలు సన్నగా, వరుసలుగా చెక్కి ఉన్నాయి. కొన్నిచోట్ల రాయి పెచ్చు లేచిపోయి మాట సగంలో తెగింది. ఆ శాసనం చెప్పే సంగతి ధర్మచక్రం గురించి కాదు. సంఘాన్ని ఎవరూ చీల్చకూడదు, చీల్చిన భిక్షువుకైనా భిక్షుణికైనా తెల్లబట్టలు కట్టించి విహారం బయట ఉంచాలి అన్నది అందులోని ఆజ్ఞ. కాషాయం తీసేసి తెల్లబట్ట కట్టించడమంటే నువ్వు ఇక మాలో ఒకడివి కావని చెప్పడం.

అయిదుగురు శ్రోతలతో మొదలైన చోట, కొన్ని తరాలు గడిచేసరికి, ఎవరు లోపల ఎవరు బయట అన్న నిబంధన రాతికెక్కింది. అశోకుడు చెడ్డవాడని నేననను. విడిపోయి కొట్లాడుకునే సంఘం ఏ ధర్మాన్నీ నిలబెట్టలేదు. అయినా ఆ రాతిముందు నాకు గుర్తొచ్చింది మా ఇంట్లో ఆరోజు విన్న మాట. "గతి ఏమవుతుందో చెప్పలేం." గుడి గానీ మసీదు గానీ విహారం గానీ నాకు దారి చూపిస్తే చేతులెత్తి దణ్ణం పెడతాను. నేను వెళ్ళని దారిలో వెళ్ళినవాడు బయటివాడని తీర్పు చెప్పే అధికారం మాత్రం దేనికీ లేదు. ఇన్నేళ్ళుగా నేను పోట్లాడుతున్నది దేవుడితో కాదు, పూజతో కూడా కాదు, ఈ ఒక్క అధికారంతో.

రాత్రికి కాశీ చేరాం. తొమ్మిదో నిద్ర పూర్తయింది.

నాలుగో రోజు: సీర్ గోవర్ధన్‌పూర్, ఆపై రైలు

రైలుకు సమయం ఉందని, హిందూ విశ్వవిద్యాలయం వెనకవైపున్న సీర్ గోవర్ధన్‌పూర్ వెళ్ళాం. సంత్ రవిదాసు జన్మస్థలంగా భావించే ఊరు. చెప్పులు కుట్టి బతికిన ఆ భక్తుడి పేరున పెద్ద ఆలయం ఉంది. మనసు మంచిదైతే తోలు తడిపే తొట్టిలోనే గంగ ఉందన్న మాట ఆయనదే అంటారు. 2010 జనవరిలో ఆయన అనుయాయుల్లో ఒక వర్గం ఇక్కడే తమది వేరే మతమని, తమ పేరు రవిదాసియా అని ప్రకటించుకుంది. తమకంటూ ఒక గ్రంథాన్ని కూడా ఏర్పరచుకుంది.

మొన్న కబీర్ చౌరాలో చివుక్కుమన్న మనసు ఇక్కడ అలా అనలేదు. ఎందుకో ఆలోచించాను. నేను గుడి వదిలేయగలిగింది గుడి నన్ను ఎప్పుడూ రావద్దనలేదు కాబట్టే. తరతరాలుగా గుమ్మం దగ్గరే ఆపేసిన మనుషులు తమ గురువు పేరున తామే ఒక గుమ్మం కట్టుకుంటే, అందులోకి తలెత్తుకుని నడిస్తే, అది వాళ్ళకు పంజరం కాదు, పైకప్పు. ఏకాంతంగా దేవుణ్ణి వెతుక్కోవడం కూడా కొంత వెసులుబాటు ఉన్నవాళ్ళకే దొరుకుతుంది. ఈ మాట నాకు నేను ఇంతకుముందెప్పుడూ చెప్పుకోలేదు.

మధ్యాహ్నం గోరఖ్‌పూర్ రైలు ఎక్కాం. అత్తయ్య దారంతా నిద్రపోయారు.

అయిదో రోజు: మగహర్

గోరఖ్‌పూర్ నుంచి మగహర్ సుమారు ముప్ఫై కిలోమీటర్లు. అత్తయ్య పూజగదిలో ఉన్న తెలుగు భగవద్గీత అచ్చయింది గోరఖ్‌పూర్‌లోని గీతా ప్రెస్‌లోనే. ఊరు దాటుతుంటే ఆ సంగతి చెప్పాను, సంతోషించారు. నాథ యోగుల గోరఖ్‌నాథ్ మఠం తిరుగుదారిలో చూద్దామనుకున్నాం, వీలు కాలేదు.

కాశీలో చచ్చినవాడికి ముక్తి, మగహర్‌లో చచ్చినవాడికి గాడిద జన్మ. కబీరు కాలానికే జనంలో పాతుకుపోయిన నమ్మకం ఇది. జీవితమంతా కాశీలో మగ్గం నేసిన మనిషి, చావు దగ్గరపడ్డాక కాశీ వదిలి ఇక్కడికి వచ్చాడు. కాశీలో దేహం వదిలినందుకే కబీరుకు ముక్తి వస్తే ఇక రాముడు చేసిన మేలేముంది అని పాడాడు. ఆయన పోయింది 1518లో అని సంప్రదాయం చెబుతుంది, 1448 అని వాదించే పండితులూ ఉన్నారు. ఏ ఏడాదైతేనేం, ఇంత ధైర్యంగా చనిపోయిన మనిషి గురించి నేను వినలేదు. నమ్మకం లేనివాడు కాశీ వదలడం గొప్ప కాదు. కబీరు నమ్మినవాడు. తన రాముడు కాశీ పొలిమేర దాకానే వస్తాడంటే ఒప్పుకోలేనంతగా నమ్మినవాడు.

ఆ తరవాతి కథ అందరికీ తెలిసిందే. దహనం చేయాలని హిందువులు, ఖననం చేయాలని ముస్లింలు తగువుకు దిగారు. దుప్పటి తొలగిస్తే దేహం లేదు, పూలున్నాయి. చెరిసగం పంచుకున్నారు. అందుకే ఇక్కడ ఒకే ఆవరణలో హిందువుల సమాధి ఒకటి, ముస్లింల మజార్, అంటే గోరీ, ఒకటి. దారి కూడా ఒక్కటిగా మొదలై విడిపోతుంది. చిన్నప్పుడు ఈ కథ చదివి ఎంత చక్కగా సర్దుకున్నారో అనుకున్నాను. ఇవాళ అక్కడ నిలబడితే దుఃఖం వచ్చింది. రెండు వాకిళ్ళకూ చెందనని జీవితమంతా చెప్పినవాడికి, పోయిన మరుక్షణం రెండు వాకిళ్ళు కట్టారు.

అత్తయ్యకు అలా అనిపించలేదు. గుమ్మం బయట బంతిపూలు తీసుకున్నారు. సమాధి దగ్గర సగం ఉంచారు. చెంగు తలమీదికి లాక్కుని మజార్‌లోకి వెళ్ళారు. లోపల సన్నగా, పొడవుగా ఒక ముస్లిం పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆవిడకు హిందీ రాదు. ఆయనకు తెలుగు రాదు. పూలు ఎక్కడ ఉంచాలో ఆయన చేత్తో చూపించాడు. చాదర్ అంచు మీద మడత పడి ఉంది. అత్తయ్య పూలు పెట్టి, ఇంట్లో దేవుడి పీట మీద గుడ్డ సర్దినట్టే, ఆ మడతను రెండు వేళ్ళతో సాపు చేశారు. తరవాత మామయ్య పేరు, మా ఇంటిపేరు, గోత్రం మెల్లగా చెప్పారు. మజార్ ముందు గోత్రం! పెద్దాయనకు అర్థమైందనుకోను. రెండు అరచేతులూ పైకి తిప్పి, కళ్ళు మూసుకుని, ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా అలాగే ఉన్నాడు. ఆ కాసేపట్లో అక్కడ ఎంతమంది దేవుళ్ళున్నారని లెక్కపెట్టాలనిపించలేదు.

ఆవరణ పక్కగా ఆమీ నది పారుతుంది. ఒడ్డున చాలాసేపు కూర్చున్నాం. "నాలుగేళ్ళయింది, ఆయన పేరు గట్టిగా పలికి" అన్నారు అత్తయ్య. ఇంకేమీ అనలేదు.

ఆరో రోజు: కుశీనగర్

బుద్ధుడు దేహం వదిలిన చోటు. మహాపరినిర్వాణ మందిరంలో ఆరు మీటర్లకు పైగా పొడవున్న విగ్రహం కుడిపక్కకు ఒరిగి పడుకుని ఉంది. తలవైపు నుంచి చూస్తే పెదవుల మీద నవ్వులాంటిది, పాదాలవైపు నుంచి చూస్తే వట్టి ప్రశాంతత. థాయ్‌లాండ్ యాత్రికులు బంగారు రంగు వస్త్రాన్ని అందరి తలలమీదుగా తెచ్చి విగ్రహానికి కప్పుతున్నారు.

చివరి రోజుల్లో శిష్యుడు ఆనందుడు సంఘానికి ఏమైనా చెప్పి వెళ్ళమని కోరితే, నా దగ్గర ఆచార్యుడి పిడికిలి లేదు, దాచుకున్నదేమీ లేదు, మీకు మీరే శరణు కండి అన్నాడని పాళీ గ్రంథాలు చెబుతాయి. అలా అన్నవాడి అస్థికల కోసం ఇక్కడే గణరాజ్యాలు తగువుకు దిగాయి. ద్రోణుడనే బ్రాహ్మణుడు మధ్యవర్తిగా ఎనిమిది వాటాలు వేసి యుద్ధం తప్పించాడు. మగహర్‌లో పూలు, కుశీనగర్‌లో ఎముకలు. వదులుకొమ్మని చెప్పిన ఇద్దరినీ జనం వదులుకోలేకపోయారు. ప్రేమ ఎక్కువైనచోట కూడా పంపకాలు జరుగుతాయని నిన్న నదీతీరంలో అనిపించింది. ఇవాళ ఆ మాట ఇంకొంచెం నమ్మాను.

రామాభార్ స్తూపం దగ్గర నీడలో కూర్చున్నప్పుడు అత్తయ్యను అడగాలనుకున్నది అడిగేశాను. ఇప్పుడు కాశీ గురించి ఏమనుకుంటున్నారని.

"నాకు కాశీయే కావాలి నాయనా. ఆయన చెవిలో చెబుతాడు, నేను వింటాను. ఆ నమ్మకం లేకపోతే నాకు నిద్ర పట్టదు" అన్నారు. కాసేపాగి, "మీ మామయ్యకు అది అక్కరలేకపోయింది. కబీరుకూ అక్కరలేకపోయింది. వాళ్ళ దారి వేరు" అని, బయటికి తీసిన జపమాలను సంచీలో పెట్టేశారు.

గోరఖ్‌పూర్ బస్సు ఎక్కాక కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని, వచ్చే కార్తికానికి కాశీకి రెండు టికెట్లు ఎప్పుడు చేయించుకోవాలో ఫోనులో చూడమన్నారు. రెండోది ఎవరికని అడిగాను.

"నీకే. పంచగంగ మెట్లు కింది దాకా దిగలేదుగా నేను" అన్నారు.